మెట్లు దిగివచ్చే డాక్టర్లు

మా రోజుల్లో కల్చర్ రిపోర్టు చేతికి రావాలంటే మూడు నాలుగు రోజులు పట్టేది. వార్డులో దానికోసం ఎదురుచూసేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు రెండో రోజుకే ఫోన్లోకి పీడీఎఫ్ వచ్చి పడుతోంది. తెరిచి చదివేవాళ్ళే కరువు.

నేను డాక్టర్ని కాను. కోస్తాలో ఒక పెద్దాసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాను. చీము, కళ్ళె, మూత్రం, రక్తం... ఇంట్లో భోజనాల దగ్గర చెప్పుకోలేని ఉద్యోగం. ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. వీధిలో ఎవరికి కల్చర్ చేయించినా ఆ కాగితం మా ఇంటికి వస్తుంది. "మావయ్యగారూ, ఇందులో ఏముందో కాస్త చూడండి" అంటారు. చూస్తాను. చూశాక రక్తపోటు పెరుగుతుంది. ఆ పెరిగిన రక్తపోటే ఈ వ్యాసం.

ముందు మా వంటగది సంగతి చెప్పాలి. ల్యాబులో మీడియా మేమే వండుకునేవాళ్ళం. అగర్ తూచి, కరిగించి, ఆటోక్లేవ్‌లో పెట్టి, చేతికి ఓర్చుకునే వేడికి రాగానే పెట్రి ప్లేట్లలో పోసేవాళ్ళం. మందు డిస్కులకి బడ్జెట్ లేని కాలంలో వాట్‌మన్ ఫిల్టర్ పేపర్ని ఆఫీసు పంచింగ్ మెషీన్‌తో బిళ్ళలుగా కొట్టి, ఓవెన్‌లో పెట్టి, కొలిచిన మందు నీళ్ళలో తడిపి ఆరబెట్టుకున్నాం. రోగి నుంచి తీసిన క్రిమిని ప్లేటంతా దూదిపుల్లతో మూడు దిక్కులా పూసి, పైన ఆ డిస్కులు పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచుతాం. తెల్లారేసరికి పనిచేసే మందు చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచెయ్యని మందైతే క్రిమి డిస్కు అంచుదాకా పాకుతుంది. ఆ ఖాళీనే జోన్ అంటారు. స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలవడమే. చార్టు చూసి లొంగితే ఎస్, లొంగకపోతే ఆర్, మధ్యరకానికి ఐ.

చెప్పినంత సులువు కాదు లెండి. మా ప్రొఫెసరుగారికి స్టోక్స్ పద్ధతి వేదం. ఒకే ప్లేటు మీద రోగి క్రిమినీ, గుణం ముందే తెలిసిన మరో క్రిమినీ పక్కపక్కన పెంచి, రెండు జోన్లనీ పోల్చి చెప్పాలి. మందు బిళ్ళ మంచిదో కాదో అక్కడే బయటపడుతుంది. తర్వాత కిర్బీ-బావర్ పద్ధతికి మారాం. అది 1966లో అచ్చయిన అమెరికా పద్ధతి. క్రిమి నీళ్ళ చిక్కదనం మెక్‌ఫార్లండ్ 0.5 గొట్టంతో సరిపోవాలి. అగర్ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. 35 డిగ్రీల వేడి, 16 నుంచి 18 గంటలు. అగర్ పల్చగా పోశావంటే జోన్ పెద్దదై, పనికిరాని మందు కూడా పనికొచ్చేదానిలా కనబడుతుంది. ప్లేటు పోసిన కుర్రాడిని ప్రొఫెసరుగారు వెలుతురుకి పట్టి చూపిస్తూ "ఇది అట్టా, దోసా?" అని అడిగేవారు. ఆ మాట పడని టెక్నీషియన్ మా ల్యాబులో లేడు.

ఇంతకీ అసలు సంగతి ఇది. ఆ జోన్ కొలిచే వేళకి మెడిసిన్ వార్డు చీఫ్‌గారు రెండంతస్తుల మెట్లు దిగి మా దగ్గరికి వచ్చేవారు. ఆయన వెనక హౌస్ సర్జన్లు. "ఏమోయ్, ఆరో బెడ్డు పిల్ల సంగతేమిటి?" అనేవారు. "గ్రామ్ నెగటివ్ బాసిలై వచ్చిందండీ, సెన్సిటివిటీ రేప్పొద్దున్న" అంటే, "సరే, రేప్పొద్దున్న మళ్ళీ వస్తా. అప్పటిదాకా నడుస్తున్నదే నడుపుతా" అనేవారు. మర్నాడు ప్లేటు తనే చేతిలోకి తీసుకుని చూసేవారు. కాగితం మీద అక్షరం చూడటం వేరు, ప్లేటు మీద క్రిమి డిస్కుని ఆనుకుని పెరిగి ఉండటం కళ్ళారా చూడటం వేరు. అది చూసిన డాక్టరు ఆ మందుని ఇంకో పూట రాయడు.

మందులు తక్కువ ఉండటం కూడా కారణమే, ఒప్పుకుంటాను. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరమ్‌ఫెనికాల్, ఆంపిసిలిన్, జెంటామైసిన్, కోట్రైమాక్సజోల్... వేళ్ళ మీద లెక్క. వాటిలో ఏది వృథా అయినా చెయ్యి విరిగినట్టే. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధన ఆయన ఆధ్వర్యంలో నడుస్తున్నప్పుడు బెంజమిన్ డగ్గర్ దాన్ని కనిపెట్టాడు. 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడు సుబ్బారావుగారు పోయారు. ఈ ముక్క మా ల్యాబుకి వచ్చిన ప్రతి స్టూడెంటుకీ చెప్పేవాణ్ణి. ఇప్పటి పిల్లలకి చెబితే "ఆ మందు ఇప్పుడెవరు వాడతారు తాతగారూ" అంటున్నారు.

ఇప్పుడు మందులకి లోటు లేదు, యంత్రాలకీ లోటు లేదు. రక్తం సీసా పెడితే క్రిమి పెరగగానే యంత్రమే కూత పెడుతుంది. ఇంకో యంత్రం నిమిషాల్లో క్రిమి పేరు చెబుతుంది. మరొకటి ఏ మందు ఎంత మోతాదులో ఆ క్రిమిని ఆపుతుందో అంకె వేసి ఇస్తుంది. బాగుంది. సీసాని రోజూ వెలుతురుకి పట్టి మబ్బుగా ఉందా లేదా అని వారం పాటు చూసిన కళ్ళు నావి. యంత్రాన్ని ఎందుకు తిడతాను? నా తిట్లన్నీ యంత్రానికి ముందూ వెనకా ఉన్న మనుషులకే.

ముందున్న మనిషి సంగతి. మందు మొదలుపెట్టిన మూడో రోజున, జ్వరం తగ్గలేదని తోచాక, అప్పుడు రాస్తారు కల్చర్. రెండు రకాల ఇంజెక్షన్లు ఒంట్లో తిరుగుతుండగా తీసిన రక్తంలో క్రిమి ఎలా పెరుగుతుంది? "నో గ్రోత్" అని వస్తుంది. "చూశారా, ఇన్ఫెక్షన్ లేదు" అని ఒకరు, "అయినా సేఫ్టీకి నడుపుదాం" అని ఇంకొకరు. మా రోజుల్లో మొదటి డోసు పడకముందే రక్తం తియ్యకపోతే సిస్టరమ్మ హౌస్ సర్జన్‌ని వార్డు గుమ్మంలోనే నిలదీసేది. పెద్దవాళ్ళకైతే సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు చోట్ల నుంచి, చర్మం సరిగ్గా శుభ్రం చేసి తియ్యాలి. ఇప్పుడు ఒక్క సీసా, అందులో మూడు మిల్లీలీటర్లు. మూత్రం తీసిన రెండు గంటల్లో ల్యాబుకి చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉండాలి. పొద్దున్న ఏడింటికి పట్టిన సీసా స్కూటర్ డిక్కీలో ఊరంతా తిరిగి మధ్యాహ్నం వస్తే, ఒకటి ఉన్న చోట వెయ్యి పెరుగుతాయి. దానికి సెన్సిటివిటీ చెయ్యడం, దాన్ని బట్టి మందు మింగడం! గాయం మీద దూదిపుల్ల తిప్పి పంపితే చర్మం మీద కాపురముండే క్రిములు వస్తాయి, లోపల చీములో ఉన్న అసలుది కాదు. చీము సిరంజితో లాగి పంపాలని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

కోపం రాకుండా న్యాయంగా మాట్లాడాలంటే ఒక మాట చెప్పాలి. ఒళ్ళంతా విషమెక్కి బీపీ పడిపోయిన రోగిని పెట్టుకుని డాక్టరు రిపోర్టుకోసం కూర్చోలేడు. గంటలోపే మందు పడాలి. అంచనాతోనే మొదలుపెట్టాలి, బలమైనదే పెట్టాలి. దాన్నెవరూ కాదనరు. కానీ సీసా నింపడానికి పట్టేది రెండు నిమిషాలు. నింపాక రెండో రోజో మూడో రోజో రిపోర్టు వస్తుంది కదా, అప్పుడు వెనక్కి రావాలి కదా? "ఈ క్రిమికి ఇంత పెద్ద మందు అక్కర్లేదు, చిన్నదానికే లొంగింది, మార్చేద్దాం" అనేవాళ్ళేరీ? నేను చూసినంతలో రిపోర్టుని చూసి మందు పెంచినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. తగ్గించినవాళ్ళు అరుదు. "పనిచేస్తోంది కదా, ఎందుకు కదపడం" అంటారు. మా చీఫ్‌గారు మెట్లు దిగి వచ్చేదే కదపడానికి.

టైఫాయిడ్ కథ చెబుతాను, ఇదంతా అందులోనే ఉంది. 1948 నుంచి టైఫాయిడ్‌కి మందంటే క్లోరమ్‌ఫెనికాల్. ఊళ్ళలో క్లోరోమైసెటిన్ బిళ్ళ తెలియని ఇల్లు లేదు. 1972లో కేరళలో, కాలికట్‌లో, ఆ మందుకి లొంగని టైఫాయిడ్ ప్రబలింది. తర్వాత 1980ల చివరికొచ్చేసరికి క్లోరమ్‌ఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడింటికీ లొంగని క్రిమి దేశమంతా పాకింది. మా ప్లేట్ల మీద కూడా మూడు డిస్కులనీ ఆనుకుని పెరిగేది. అప్పుడొచ్చింది సిప్రోఫ్లాక్సాసిన్. దేవుడు పంపాడనుకున్నారు. దగ్గుకి సిప్రో, విరేచనాలకి సిప్రో, ఆర్‌ఎంపీ సంచిలో సిప్రో, కిళ్ళీకొట్టు పక్క మందుల షాపులో సిప్రో. కొన్నేళ్ళకే మా ప్లేట్ల మీద చిత్రం మొదలైంది. సిప్రో చుట్టూ జోన్ వస్తోంది, రోగికి మాత్రం జ్వరం దిగడం లేదు. ఆ గుట్టు విప్పింది నాలిడిక్సిక్ యాసిడ్ అనే పాత మందు డిస్కు. దాని చుట్టూ జోన్ లేకపోతే, సిప్రో జోన్ ఎంత అందంగా ఉన్నా నమ్మకూడదని తేలింది. అందుకే అది మూత్రానికి వాడే మందైనా టైఫాయిడ్ ప్లేటు మీద దానికి చోటు ఇచ్చేవాళ్ళం. ఇంకో గమ్మత్తు కూడా ఉంది. జెంటామైసిన్ డిస్కు చుట్టూ టైఫాయిడ్ క్రిమికి చక్కటి జోన్ వస్తుంది. మనిషికిస్తే పనిచెయ్యదు. క్రిమి మన ఒంటి కణాల లోపల దాక్కుంటుంది, మందు అక్కడికి చేరదు. అందుకని రిపోర్టులో ఆ పేరే రాయకూడదు. ఇవన్నీ తెలిసినవాడు చదవాలి రిపోర్టు అనేది.

సిప్రో పోయాక సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మీద పడ్డాం. 2016లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. ఆ ఊరి పేరు కూడా హైదరాబాదే. మన హైదరాబాదుదాకా రాకూడదని దండం పెట్టుకోవడం తప్ప ఆ వార్త మన మందుల షాపుల్లో ఏ మార్పూ తేలేదు. ఇక్కడే విచిత్రం. వాడకం మానేసిన పాత మందులకి క్రిమి మళ్ళీ లొంగడం మొదలెట్టింది. 2013లో మొదలైన ఐసీఎంఆర్ ల్యాబుల నెట్‌వర్క్ ఏటా రిపోర్టులు వేస్తోంది. వాటిలో టైఫాయిడ్ క్రిములు ఎక్కువ భాగం కోట్రైమాక్సజోల్‌కీ, ఆంపిసిలిన్‌కీ, క్లోరమ్‌ఫెనికాల్‌కీ ఎస్ అనే వస్తున్నాయి, సిప్రోకే ఆర్. క్లోరమ్‌ఫెనికాల్‌తో ఎక్కడో అరుదుగా ఎముకల్లో మూలుగ దెబ్బతినే ప్రమాదం ఉంది, దాన్ని పక్కన పెట్టండి. రూపాయల్లో దొరికే కోట్రైమాక్సజోల్ పనిచేస్తుందని కాగితం చెబుతుంటే రోజూ సూది గుచ్చి సెఫ్ట్రియాక్సోన్ ఎందుకు? అడిగితే "అది పాతది కదండీ" అంటారు. పాతదైతే ఏం? నేనూ పాతవాణ్ణే.

అసలు ఆ కల్చర్ చేయించేవాళ్ళేరీ! జ్వరమొచ్చిన రెండో రోజే విడాల్ పరీక్ష. ఆ పరీక్ష 1896 నాటిది, అంటే నాకంటే పాతది. పాత మందు పనికిరాదనేవాళ్ళకి పాత పరీక్ష మాత్రం పనికొస్తుంది! వెనకెప్పుడో వచ్చిన జ్వరానికీ, వేయించుకున్న టీకాకీ కూడా అది పాజిటివ్ అంటుంది. ఏ మందుకి లొంగుతుందో దానికి తెలిసే దారి లేదు. రక్తం కల్చర్‌కి మంచి సమయం జ్వరం మొదటి వారం, అదీ మందు పడకముందు. ఇంకోటి కూడా చెప్పుకోవాలి. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. మూడో రోజుకే "తగ్గట్లేదు, మందు మార్చండి" అని ఇంటిల్లిపాదీ డాక్టరు మీద పడతారు. ఆయన మార్చేస్తాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు సాగిపోతుంది.

ఇక రిపోర్టు వెనకున్న మనిషి. మొన్న ఎదురింటి కోడలుపిల్ల మూత్రం కల్చర్ రిపోర్టు పట్టుకొచ్చింది. మంట, మాటిమాటికీ వెళ్ళడం, జ్వరం లేదు, నడుంనొప్పి లేదు. క్రిమి ఈ-కోలై. నైట్రోఫ్యురాంటాయిన్ ఎదురుగా 16 కంటే తక్కువ, ఎస్. మెరోపెనెం ఎదురుగా 0.25 కంటే తక్కువ, ఎస్. ఎవరో మెరోపెనెం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు, అంకె చిన్నది కదా అని. ఆ పిల్ల రోజూ ఆసుపత్రికెళ్ళి ఇంజెక్షన్ వేయించుకోవడానికి సిద్ధమైపోయింది. అమ్మా, ఆ అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చకూడదు. చెప్పుల సైజూ చొక్కా సైజూ పక్కపక్కన పెట్టి ఏది చిన్నదో అదే మంచిదన్నట్టుంటుంది. నైట్రోఫ్యురాంటాయిన్‌కి 32 దాకా లొంగినట్టే లెక్క, మెరోపెనెంకి 1 దాకా. ఏ మందు అంకె దాని హద్దుతోనే చూడాలి. పైగా నైట్రోఫ్యురాంటాయిన్ నోటితో మింగేది, మూత్రసంచిలో పోగయ్యేది. ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పోతే అది చాలదు గానీ, ఈ పిల్లకి అదే మందు. నేను మందు రాయను, రాయకూడదు. "ఇదే కాగితం పట్టుకెళ్ళి ఈ ప్రశ్న మీ డాక్టరమ్మని అడుగు" అని పంపాను. ఆవిడ మంచావిడ. కాగితం చూసి మార్చింది.

మా ప్రొఫెసరుగారైతే ఆ రిపోర్టులో మెరోపెనెం పేరే కనబడనిచ్చేవారు కాదు. మొదటి వరస మందులు చాలినప్పుడు వాటి ఫలితమే రాసేవాళ్ళం. అవన్నీ ఆర్ అయితేనే రెండో వరస బయటికి తీసేవాళ్ళం. పెద్ద మందుల డిస్కులు కూడా పెట్టి చూసి, ఫలితం ల్యాబు రిజిస్టర్లో దాచుకునేవాళ్ళం. ఎవరైనా కావాలంటే దిగి వచ్చి అడగాలి. దీన్నే ఇప్పుడు సెలెక్టివ్ రిపోర్టింగ్ అని కొత్తగా కాన్ఫరెన్సుల్లో చెబుతున్నారట. సంతోషం. కానీ చాలాచోట్ల యంత్రం పద్దెనిమిది మందులు అచ్చేస్తే పద్దెనిమిదీ పంపేస్తున్నారు. కాగితం నిండుగా ఉంటే కట్టిన డబ్బుకి న్యాయం జరిగిందని జనానికి తృప్తి.

చార్టులు కూడా ఏటా మారతాయి. ఈ-కోలైకి సిప్రో జోన్ 21 మిల్లీమీటర్లుంటే చాలు, ఎస్ అని రాసేవాళ్ళం. 2019లో ఈ చార్టులు తయారుచేసే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ ఆ హద్దుని 26కి పెంచింది. నేను 23 కొలిచి ఎస్ రాసిన క్రిమికి ఇవాళ ఐ రాయాలి. క్రిమి మారలేదు, మందు మారలేదు. ఒంట్లో మందు ఎంత చేరుతుందో, అది క్రిమిని ఎంతవరకు ఆపుతుందో లెక్క చూసి మార్చారు. ఇది నాకు నచ్చింది. నచ్చనిదేమిటంటే, పాత చార్టు గోడకి అలాగే అంటించి ఉన్న ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. కొలిస్టిన్ అనే చివరాఖరి మందుకి డిస్కు పెట్టి జోన్ కొలిచేవాళ్ళూ ఉన్నారు. ఆ మందు అగర్‌లో సరిగా వ్యాపించదు, ఆ జోన్‌కి అర్థం లేదు. 2020 నుంచి ఆ మందుకి అసలు ఎస్ అనే మాటే రాయొద్దని సీఎల్‌ఎస్‌ఐ తీసేసింది. ఐ లేదా ఆర్, అంతే. అంత నమ్మకం లేని మందు మీద ఐసీయూలు నడుస్తున్నాయి.

చట్టాల సంగతికొస్తే, 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. మూడో తరం సెఫలోస్పోరిన్లు, మెరోపెనెం లాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరికి అమ్మారో, ఎవరు రాశారో పుస్తకంలో ఎక్కించి మూడేళ్ళు ఉంచాలి. మా వీధి చివర షాపులో ఆ పుస్తకం ఎప్పుడైనా తెరవగా చూశారా? నేను చూడలేదు. గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచిన రొయ్య సముద్రం దాటాలంటే యాంటీబయాటిక్ ఆనవాలు ఉందేమో పరీక్ష చేస్తారు, ఉంటే సరుకు వెనక్కి. 2019లో కోళ్ళకీ పశువులకీ కొలిస్టిన్ వాడకం కేంద్రం నిషేధించింది. రొయ్యకీ కోడికీ ఉన్నపాటి అదుపు మనిషి చీటీకి రాలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఏడాది చివర మా ప్రొఫెసరుగారు పొడుగు రిజిస్టర్లు ముందేసుకుని, ఏ వార్డులో ఏ క్రిమి, నూటికి ఎన్ని ఏ మందుకి లొంగాయో చేత్తో లెక్కగట్టి, ఒక కాగితం మీద టైపు కొట్టించి అన్ని వార్డులకీ పంపేవారు. రిపోర్టు రాకముందు అంచనాతో మందు మొదలుపెట్టేవాడికి అదే ఆధారం. దాన్ని యాంటీబయోగ్రామ్ అంటారు. ఒక రోగిది ఒక్కసారే లెక్కలోకి రావాలి, ఒక క్రిమివి కనీసం 30 శాంపిళ్ళయినా ఉండాలి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే హూనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పూటలో తేలే పని అది. చాలా ఆసుపత్రుల్లో తేలుతుంది కూడా. తేలి, రంగుల్లో అచ్చయి, ఫ్రేము కట్టి గోడకెక్కుతుంది, తనిఖీకి వచ్చేవాళ్ళకి కనబడేలా. దాని కింద నిలబడే డ్యూటీ డాక్టరు తలెత్తకుండా రాస్తాడు, నిన్న రాసిన మందే.

చదువుతున్న మీకు ఒక మనవి. మీ ఇంట్లో ఎవరినైనా ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిస్తే, మొదటి యాంటీబయాటిక్ పడకముందే కల్చర్‌కి తీశారా అని మర్యాదగా అడగండి. రిపోర్టు వచ్చిన రోజున, దాన్ని బట్టి ఏ మందు ఆపారో కూడా అడగండి. డాక్టరు ఒకవేళ విసుక్కున్నా ఫరవాలేదు, విసుక్కుంటూనే ఆ కాగితం ఒకసారి చూస్తాడు.